కెప్టెన్ శౌరిరెడ్డి గారి భూస్థాపనలో తుపాకులు వద్దని

నేను, కందగట్ల రాజమౌళి, వయస్సు డెబ్బై ఆరు సంవత్సరాలు, వరంగల్ నగరంలో మాజీ సైనికుల వ్యవహారాలు చూసే కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుగా పనిచేసి పదవీ విరమణ పొందినవాడను, తెలియజేయునది ఏమనగా: నిన్న ఉదయం మరణించిన ఆనరరీ కెప్టెన్ తుమ్మ శౌరిరెడ్డి గారిని, వయస్సు డెబ్బై రెండు సంవత్సరాలు, నేను ఇరవై తొమ్మిది సంవత్సరాలుగా ఎరుగుదును. మొదట కార్యాలయంలో నా బల్ల ముందు కూర్చున్న మనిషిగా, ఆ తరువాత మా ఎదురింటి మనిషిగా ఎరుగుదును.

వారి భూస్థాపన రేపు మధ్యాహ్నం మా కాలనీలోని కతోలిక విచారణ, అనగా పారిష్ గుడి, సమాధుల తోటలో జరుగనున్నది. ఆ సమయంలో వారి గౌరవార్థం మూడు విడతలుగా గాలిలోకి తుపాకులు పేల్చుటకు ఉత్తర్వులు వచ్చి ఉన్నవి. తుపాకులు పేల్చరాదని కెప్టెన్ గారు తమ చివరి రోజుల్లో నాతో చెప్పి ఉన్నారు. కారణం తెలియకుండా ఇటువంటి కోరికను మన్నించడం అధికారులకు కష్టం. ఆ కారణం వారి జీవితంలో ఉన్నది గనుక, ఆ జీవితాన్ని నాకు తెలిసినంతవరకు ఉన్నది ఉన్నట్లు ఇక్కడ రాస్తున్నాను.

శౌరిరెడ్డి గారు పరకాల వైపు ఒక పల్లెలో, పత్తి, మిరప పండించే కతోలిక రైతు కుటుంబంలో జన్మించారు. ఆ ఊరికి గురువులు నెలకొకసారి మాత్రమే వచ్చి పూజ చేసేవారు. మిగిలిన రోజుల్లో ఊరివారిని కూర్చోబెట్టి జపమాల చెప్పించే బాధ్యత వారి నాయనమ్మ జ్ఞానమ్మ గారిది. ఆమెకు చదువు రాదు. జపాలు మాత్రం అన్నీ నోటికి వచ్చు. పొద్దంతా మిరపతోటలో వంగి పనిచేసి వచ్చిన కూలీలు జపం మధ్యలో కునికితే, ఆమె జపం ఆపకుండానే వారి వీపు మీద ఒకటి వేసేదట. శౌరిరెడ్డి గారు ఈ సంగతి చెప్పినప్పుడు నవ్వేవారు కారు. వినేవారికి నవ్వు వచ్చేది.

పందొమ్మిదవ ఏట వారు సైన్యంలో చేరారు. ఇంజనీరు దళంలో వేశారు. వంతెనలు కట్టడం, దారులు వేయడం, భూమిలో పాతిపెట్టిన మందుపాతరలను కనిపెట్టి తీయడం ఆ దళం పని. మందుపాతర తీసే మనిషి మోకాళ్ళ మీద కూర్చుని, సన్నని ఇనుప ములుకుతో నేలను ఏటవాలుగా, మెల్లగా గుచ్చుతూ ముందుకు జరగాలి. ఈ పని నేర్పిన ఉస్తాదు, ఇంతసేపు మోకాళ్ళ మీద ఎట్లా ఉండగలుగుతున్నావని అడిగితే, ఆ విద్య మా ఊరి గుడిలోనే నేర్చుకొని వచ్చానని శౌరిరెడ్డి గారు చెప్పారట. సిపాయిగా చేరిన మనిషి మెట్టు మెట్టుగా సుబేదార్ మేజర్ అయి, పదవీ విరమణ సమయంలో గౌరవ కెప్టెన్ హోదా పొందారు. తల్లి ఇచ్చిన జపమాల చొక్కా ఎడమ జేబులో ఉండేది. నేను చూసిన ప్రతిసారీ అక్కడే ఉన్నది. నిన్న ఆ జేబులోంచి తీసి చేతికి చుట్టారు.

నాయబ్ సుబేదారుగా ఉన్నప్పుడు వారిని ఐక్యరాజ్యసమితి శాంతి దళంలో భాగంగా ఆఫ్రికాలోని ఒక దేశానికి పంపారు. దేశం పేరు చెప్పడం వారికి ఇష్టం ఉండేది కాదు గనుక నేను రాయడం లేదు. అక్కడినుండి తిరిగి వచ్చినప్పుడు వారికి ఒక పతకం వచ్చింది. ఆ పతకం ప్రశంసాపత్రం పట్టుకుని మొదటిసారి మా కార్యాలయానికి వచ్చారు.

“ఇది జర తెలుగుల రాసియ్యాలె సార్. మా అమ్మ గుడిల చదివించుకుంటదట.”

“పతకం దేనికి వచ్చింది?” అని అడిగాను.

“అండ్లనే ఉన్నది గద సార్.”

అందులో ఉన్నది ఇది. దళం శిబిరం దగ్గర కొందరు ఊరి ఆడవారు గుర్తులు పెట్టిన దారిని వదిలి, ఇంకా శుభ్రం చేయని నేలలోకి వెళ్ళారు. ఒక మందుపాతర పేలింది. నాయబ్ సుబేదార్ శౌరిరెడ్డి తన ప్రాణాలను లెక్కచేయక ఆ నేలలోకి వెళ్ళి, చనిపోయిన స్త్రీ పక్కన ఉన్న చిన్నపిల్లను ఎత్తుకుని క్షేమంగా బయటికి తెచ్చాడు. నేను తెలుగు చేసి చదివి వినిపించాను. వారు వేలు పెట్టి ఒక మాటను చూపారు.

“గీ ‘లెక్కచేయక’ అన్నది తీసెయ్యుండ్రి సార్. లెక్కజేసిన. అడుగడుక్కు లెక్కజేసిన. లేకుంటె ఆ పిల్ల బతుకుతుండెనా?”

మూలంలో ఉన్న మాటను తీసే అధికారం నాకు లేదని చెప్పాను. వారు సరే అన్నారు. ఆ ఆడవారు దారి వదిలి ఎందుకు వెళ్ళారో ఆ పత్రంలో లేదు. మూలంలో లేనిదాన్ని అడిగే అలవాటు కూడా నాకు లేదు. ఆ ఆదివారం వారి ఊరి గుడిలో నా తెలుగు చదివారని, తల్లి ఏడ్చిందని, ఊరందరికీ బెల్లం పంచిందని తరువాత విన్నాను.

పదవీ విరమణ చేసి వచ్చి, ఎనుమాముల మార్కెట్ యార్డుకు పోయే దారిలో ఉన్న మా కాలనీలో ఇల్లు కట్టుకున్నారు. భార్య జోజమ్మ గారు, ఒక్కతే కూతురు దీప. దీప ఇప్పుడు హన్మకొండలో లెక్కల టీచరు. చిన్నతనంలో ఆమెకు తండ్రి అంటే ఏడాదికొకసారి రైలు దిగే ట్రంకుపెట్టె అని జోజమ్మ గారు అనేవారు. పెట్టె దిగిందంటే వెనుక ఆయన ఉన్నట్టు.

వచ్చిన మొదటి సంవత్సరమే వారి పద్ధతి ఒకటి బయటపడింది. విచారణ పండుగకు ముందురోజు సాయంత్రం, ఇస్త్రీ చొక్కా వేసుకుని మా తలుపు కొట్టారు.

“రాజమౌళన్నా, రేపు పొద్దుగూకినంక గుడి కాడ పటాకులు కాలుస్తరు. పావుగంట సేపు. భయపడకుండ్రి.”

“కెప్టెన్ సాబ్, పటాకులకు భయపడే వయసా నాది?”

“మీకు కాదన్నా. ఇంట్ల ఎవలన్న ఉంటరు గద.”

అట్లా వీధి చివరి వరకు ప్రతి ఇంటికీ వెళ్ళారు. తాళం వేసిన ఇంటి ముందు కాసేపు నిలబడి, మళ్ళీ వచ్చి చెప్పారు. ఇక ఆ తరువాత పండుగలకే కాక, పెండ్లి బరాత్‌కు, వినాయక నిమజ్జనానికి, ఎవరింట్లోనైనా బోరు వేయడానికి, చివరికి కరెంటువారు ట్రాన్స్‌ఫార్మర్ మార్చడానికి వచ్చినా కెప్టెన్ గారే ముందు వెళ్ళి ఇల్లిల్లూ చెప్పేవారు. గుడి వెనుక, సమాధుల తోట గోడకు ఆనుకుని రేకుల షెడ్లు ఉన్నవి. మిర్చి సీజనులో ములుగు వైపు నుండి వచ్చి తొడిమెలు తీసే ఆడకూలీలు పిల్లలతో వాటిలో ఉంటారు. వారు ఏటా మారతారు. ఏటా కొత్తవారికి కెప్టెన్ గారు మళ్ళీ మొదటినుండి చెప్పేవారు. కాలనీలో వారికి చాటింపు కెప్టెన్ అని పేరు పడింది. వారికీ తెలుసు. పిలిస్తే పలికేవారు.

మా పక్క వీధిలో ఉండే ఇమాంబీ గారికి నోరు ఎక్కువ. ఒక సంవత్సరం విచారణ పండుగ సమయానికే ఆమె కోడలు కాన్పు అయి పసిపాపతో ఇంట్లో ఉన్నది. కెప్టెన్ గారు గేటు దగ్గర నిలబడి పటాకుల సంగతి చెప్పగానే ఆమె అందుకుంది.

“ఏం కెప్టెన్ సాబ్, మీ దేవునికి చెవుడా? ఇంత చప్పుడు చేస్తె గని ఇనవడదా?”

“దేవునికి మంచిగనే ఇనవడ్తదమ్మా. మా పిల్లగాండ్లకే ఇనవడది.”

“మా ఇంట్ల పదిరోజుల పిల్ల ఉన్నది. ఎట్ల మల్ల?”

“ఎటు దిక్కు పండుకుంటది పిల్ల?”

“గీ దిక్కే. రోడ్డు దిక్కు.”

“సరే అమ్మా.”

ఆ సాయంత్రం విచారణ గురువులు ఫాదర్ చిన్నప్ప గారితో మాట్లాడి, పటాకులను గుడికి అవతలి వైపు, పత్తి గోదాముల దగ్గరకు మార్పించారు. మరుసటి రోజు ఇమాంబీ గారు ఒక టిఫిన్‌లో సేమియా ఖీర్ పంపింది. పంపుతూ, చాటింపు సాబ్‌కు చక్కెర ఉన్నదేమో, జోజమ్మను తినమను అని చెప్పి పంపింది.

ఇంకొక సంవత్సరం నిమజ్జనం రోజున, డీజే బండి మా మలుపు దగ్గరకు వచ్చే సమయానికే ఇమాంబీ గారి భర్త శవయాత్ర ఖబరస్తాన్‌కు అదే దారిలో పోవలసి ఉన్నది. రెండు వైపులా కుర్రవాళ్ళు ఉన్నారు. అప్పటికే కొన్ని మాటలు అనుకున్నారు కూడా. కెప్టెన్ గారు మధ్యాహ్నం ఎండలో ఈ చివరినుండి ఆ చివరికి నడిచి, వారికి వీరి వేళ, వీరికి వారి వేళ చెప్పారు. మలుపు దగ్గర డీజే ఆగిపోయింది. బండి మీది పిల్లలు నెత్తిమీద రుమాళ్ళు సరిచేసుకుని నిలబడ్డారు. శవయాత్ర వెళ్ళిపోయింది. మళ్ళీ పాట పెట్టారు. జరగని గొడవ గురించి ఏ కార్యాలయంలోనూ నమోదు ఉండదు గనుక, ఈ సంగతి ఎక్కడా రాసి లేదు. నేను చూశాను.

కెప్టెన్ గారు ప్రతిరోజు ఉదయపు పూజకు వెళ్ళేవారు. నేను హిందువును. అయినా మా ఇంటి ముందు నుండే దారి గనుక, పూజ అయ్యే వేళకు నడకకు వెళ్ళి, గుడి ఆవరణలోని సిమెంటు బెంచీ మీద కూర్చునేవాడిని. ఇద్దరం కలిసి తిరిగి వచ్చేవాళ్ళం. ఒకరోజు ఉదయం వారు గుడి లోపలినుండి వచ్చి పక్కన కూర్చున్నారు. ముందురోజే ఒక పెండ్లివారు వారికి చెప్పకుండా బాంబులు పేల్చారని వారి ముఖం చూస్తే తెలుస్తున్నది. ఇంత చాటింపు మీకు ఎందుకు అని అప్పుడు అడిగాను. మూలంలో లేనిదాన్ని అడగడం నాకు అదే మొదటిసారి.

“మా దళంల ఒక పిల్లగాడు సచ్చిపోయిండన్నా, ఆ దేశంల” అన్నారు. “లడాయిల కాదు. ఉత్త జరం. శవాన్ని విమానం ఎక్కిచ్చేకంటె ముందు మర్యాద చెయ్యాలె. ఫైరింగ్ పార్టీ నాది. మూడుసార్లు గాలిలకు కాల్చాలె. అందరియి కలిసి ఒక్క చప్పుడే రావాలె. మా పిల్లగాండ్లతోని ఎన్నిసార్లు మష్క్ చేయించిన్నో.”

“వచ్చిందా?”

“ఎంత మంచిగ వచ్చిందో. పెద్ద ఆఫీసర్ శభాష్ అన్నడు.”

వారు జేబులోని జపమాలను బయటనుండి ఒకసారి తడిమి వదిలారు.

“మా క్యాంపు కాడ నీళ్ళ ట్యాంకు ఉండె. పొద్దుగాల ఊరి ఆడోళ్ళు క్యాన్లు తీస్కోని వస్తుండె. దారికి రెండు దిక్కుల తెల్ల టేపు కట్టినం. టేపు లోపల మేం సాఫ్ చేసినం. అవుతల చెయ్యలే. వాళ్ళకు ఎరుకే. చిన్నపిల్లలు గుడ టేపు దాటకపోతుండె. ఆ రోజు మొదటి చప్పుడుకే క్యాన్లు ఇడిసిపెట్టిండ్రు. వాళ్ళకు తుపాకి చప్పుడంటె ఒక్కటే అర్థం. ఉరికిండ్రు. టేపు దాటి ఉరికిండ్రు.”

“మీకు కనిపించిందా?”

“కనపడ్డది. రెండోసారి ‘ఫైర్’ అనేటప్పుడు కనపడ్డది. అన్న. మూడోది గుడ అన్న.”

“ఎందుకన్నారు?”

“మూడుండాలె గదన్నా. డ్రిల్లు.”

గుడి గేటు ముందు మిర్చి బస్తాల లారీ ఒకటి పోయింది. ఘాటుకు నేను దగ్గాను. వారు దగ్గలేదు.

“మూడోదానెన్కనే ఇంకో చప్పుడయింది. నాలుగో రౌండు ఎవడు కాల్చిండని మా పిల్లగాండ్లు ఒకని మొకం ఒకడు చూస్తాండ్రు. అది మా రౌండు కాదు. ఇగ నేను మోకాళ్ళ మీద లోపటికి పోయిన. తల్లి అయిపోయింది. పిల్ల నా మెడ పట్టుకున్నది. ఏడ్వలే ఆ పిల్ల. నేను గుడ ఏడ్వలే. ఇప్పటిదాంక రాలే నాకు ఏడుపు. ఒక్కలు పొద్దుగాల పోయి ఒక్క మాట చెప్తె అయిపోవు. అమ్మా, ఇయ్యాల మా ఇంట్ల చావు, చప్పుడైతది, భయపడకుండ్రి అని. దుబాసి గుడ ఉండె మాకాడ. ఎవ్వలకు యాదికి రాలే.”

ఈ విషయం మీ గురువుల దగ్గర చెప్పుకున్నారా అని అడిగాను.

“అక్కడనే, సైన్యం ఫాదర్ కాడ పాపసంకీర్తనం చేసిన. నువ్వు కావాలని చేసింది కాదు, దేవుడు క్షమించిండు పో అన్నడు. పాపం పోయిందన్నా. చప్పుడు పోలే.”

“మరి రోజూ పూజకు వస్తున్నారు. అక్కడ ఏమైనా కుదుటపడుతుందా?”

“ఏం అనిపియ్యదన్నా. మొదలు అనిపిస్తుండె. అప్పటిసంది ఏం లేదు. మొద్దుబారింది. అయినా హాజరు ఇయ్యాలె గద. పిలిచినప్పుడు హాజర్ అంటె చాలు. ఆయన సంగతి ఆయన చూస్కుంటడు.”

వారి విశ్వాసం గురించి నాకు తెలిసినది ఇంతే. పూజలో ఒకచోట గురువులు సమాధానం, అంటే శాంతి కలుగుగాక అని, చెప్పగానే జనం ఒకరికొకరు చేతులు జోడించి సమాధానం చెప్పుకుంటారు. కెప్టెన్ గారు తమ వరుసతో ఆగేవారు కారు. వెనక్కి తిరిగి, తలుపు దగ్గర నిలబడిన ఆటో డ్రైవర్ల వరకు చూసి చేతులు జోడించేవారు. బెంచీ మీద ఉన్న నాకు కిటికీలోంచి కనిపించేది. కొన్నిసార్లు నాకు కూడా జోడించారు. నవంబరులో సమాధుల పండుగనాడు అందరూ తమవారి సమాధులకు సున్నం వేసి కొవ్వొత్తులు పెడతారు. కెప్టెన్ గారు తమ తల్లిదండ్రుల పేరిట పెట్టే కొవ్వొత్తులతోపాటు, షెడ్ల వైపు గోడ మొదట్లో ఎవరి సమాధీ లేని చోట ఒకటి పెట్టేవారు. ఆ తల్లి పేరు వారికి తెలియదు.

గత నెలలో మూత్రపిండాలు పూర్తిగా పనిచేయడం మానివేసినందున దవాఖానలో చేర్చారు. మాజీ సైనికుల సంఘం అధ్యక్షులు, రిటైర్డ్ హవల్దార్ యాకయ్య గారు రోజూ వచ్చేవారు. యాకయ్య గారు హుషారు మనిషి.

“కెప్టెన్ సాబ్, నువ్వు ఫికర్ జెయ్యకు” అన్నారు ఒకరోజు. “ముందు లేస్తవు. లేవకుంటె, వరంగల్ దద్దరిల్లేటట్టు సలామీ ఇప్పిస్త. పతకం ఉన్నోనివి. వట్టిగ పోనిస్తమా?”

“గింత తొందరేందయా యాకయ్యా? ఇంక ఊపిరి ఉన్నది” అని జోజమ్మ గారు కసురుకున్నారు.

“అయ్యో, ముచ్చటకన్న వదినా.”

ఆయన చాయ్ తేవడానికి, జోజమ్మ గారు మందులకు వెళ్ళినప్పుడు కెప్టెన్ గారు నా వైపు చూశారు.

“యాకయ్య మంచోడన్నా. అన్నంత పని చేస్తడు. నువ్వు కాల్వనియ్యకు.”

“ఇంట్లో చెప్పారా?”

“చెప్పలే. దీపకు నేను పిల్లను తెచ్చినోన్ని. గట్లనే ఉండనియ్యి.”

“చెప్పకుండా ఆపడం నా వల్ల అవుతుందా?”

వారు చాలాసేపు సెలైన్ సీసా వైపు చూశారు. “కాకుంటె చెప్పు” అన్నారు. ఫాదర్ చిన్నప్ప గారు వచ్చి, నుదుటికి నూనె రాసి కడపటి అభ్యంగనం ఇచ్చారు. నిన్న ఉదయం పూజ గంట వేళకు వారు మరణించారు. నేను ఆ సమయంలో అలవాటు కొద్దీ బెంచీ మీద ఉన్నాను.

ఈ రోజు ఉదయం వారింట్లో జరిగినది రాస్తాను. శవం అద్దాల ఐస్ పెట్టెలో ఉన్నది. విచారణ ఆడవారు చుట్టూ కూర్చుని జపమాల చెబుతున్నారు. యాకయ్య గారు పతకాలన్నీ పెట్టుకున్న కోటుతో, నెత్తిన సంఘం టోపీతో, చేతిలో ఫోనుతో లోపలికి వచ్చారు.

“దీపమ్మా, అయింది బిడ్డా! పైనుంచి ఓకే అయింది. రేపు జెండా కప్పుతరు, బిగుల్ ఊదుతరు, మూడు రౌండ్లు గాలిలకు కాలుస్తరు. ఇగ సూడు, మీ డాడీ పోకడ ఎట్లుంటదో.”

దీప నిన్నటినుండి ఏడవలేదు. ఆ మాటకు ఏడ్చింది. “నా చిన్నతనమంత డాడీ ఎక్కడనో ఉన్నడు, అంకుల్. ఎక్కడున్నడో ఏం చేసిండో ఈ ఊరికి రేపన్న తెలుస్తది” అన్నది.

తుపాకులు వద్దని వారు నాతో చెప్పారు అన్నాను. అందరూ నా వైపు తిరిగారు.

“రాజమౌళన్నా, నువ్వు కాగితాలోనివి” అన్నారు యాకయ్య గారు. “సైనికుని ఇజ్జత్ నీకేం ఎరుక? పండుకున్న మనిషి నూరు అంటడు. నేను గుడ అంటున్న మా ఆమెతోని, నేను సస్తె లొల్లి జెయ్యకుండ్రని. చెయ్యకుంటె ఊకుంటనా?”

“పెద్దబాపూ” అన్నది దీప నాతో. “డాడీ ఎందుకు వద్దంటడు? ఆ పతకమే ఆయనకున్నది.”

అప్పుడు జోజమ్మ గారు పెట్టె మీది చేయి తీయకుండా మాట్లాడారు. “మా పెండ్లినాడు మా తమ్ముడు కాళ్ళకాడనే బాంబు పేలిస్తె పడి పడి నవ్విండు. ఆ దేశం కెళ్ళి వచ్చినంక, కుక్కర్ సీటీకి గుడ లేచి నిలవడుతుండె. నేను అడగలే. మీకు ఎరుకైతె చెప్పుండ్రి అన్నా.”

నేను చెప్పాను. బెంచీ మీద విన్నది, విన్న వరుసలోనే చెప్పాను. జపమాల చెబుతున్న ఆడవారు మధ్యలో ఆపి, మళ్ళీ తక్కువ గొంతుతో మొదలుపెట్టారు. నేను ముగించిన తరువాత మొదట మాట్లాడినది యాకయ్య గారు.

“మూడోది గుడ అన్నడా?”

“అన్నారు.”

యాకయ్య గారు టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నారు. “నేనైనా అంటుంటి” అన్నారు.

“ఆ పిల్ల బతికిందా?” అని దీప అడిగింది.

“బతికింది. తరువాతి సంగతి మీ నాన్నగారికి తెలియలేదు.”

“నాకన్న చిన్నదా?”

“చిన్నది.”

ఆమె తండ్రి చేతికి చుట్టిన జపమాలను అద్దంలోంచి చూస్తూ ఉన్నది. “ప్రతి జెండా పండుగకు మా స్కూల్ల ఈ కథ చెప్పిన పెద్దబాపూ. సగమే చెప్పిన” అన్నది. తరువాత కన్నీళ్ళు తుడుచుకోకుండానే అన్నది: “వద్దని రాయుండ్రి. కానీ డాడీని ఉత్తగ తోలియ్యకుండ్రి. ఆయన అందరికి చేసిన పని ఆయనకు చెయ్యుండ్రి.”

“ఏం పని బిడ్డా?” అన్నారు యాకయ్య గారు.

“చాటింపు.”

యాకయ్య గారు తల ఊపారు. “ఆర్డర్ నోటితోని పోదన్నా” అని నాతో అన్నారు. “రాసియ్యి. ఎందుకొద్దంటున్నమో మొదటిసంది రాయి. లేకుంటె మేమే ఇజ్జత్ వద్దన్నట్టయితది. నా దస్కత్ గుడ పెడత.”

మా కార్యాలయంలో ఉన్నన్నాళ్ళు, మరణించిన సైనికులకు లాంఛనాలు ఇప్పించవలసినదిగా ఎన్నో అర్జీలు రాశాను. తగ్గించవలసినదిగా రాయడం ఇదే. వారు పోయినందుకు నాకు ఎట్లా ఉన్నదో ఇక్కడ రాయనవసరం లేదు. ఈ ఉదయం కూడా నడకకు వెళ్ళి, కూర్చుని, ఒక్కడినే తిరిగి వచ్చాను.

కావున, లాంఛనాలకు ఉత్తర్వులు ఇచ్చిన జిల్లా అధికారులకు, విచారణ గురువులు ఫాదర్ చిన్నప్ప గారికి, మరణించిన ఆనరరీ కెప్టెన్ తుమ్మ శౌరిరెడ్డి గారి తరఫున, వారి భార్య జోజమ్మ గారి, కుమార్తె దీప గారి సమ్మతితో, సంఘం అధ్యక్షులు యాకయ్య గారి సంతకంతో సవినయంగా విన్నవించునది ఏమనగా: రేపటి భూస్థాపనలో జాతీయ జెండా కప్పుటకు, బిగుల్ ఊదుటకు మాకు అభ్యంతరం లేదు. తుపాకులు మాత్రం ఒక్క విడత కూడా పేల్చకుండా ఉత్తర్వు సవరించవలసినదిగా కోరుచున్నాము. తుపాకులు పేల్చుటకు నియమించిన సిబ్బందిని, మాజీ సైనికుల సంఘం సభ్యులను ఈ సాయంత్రమే పంపి, శవయాత్ర పోయే దారిలోని ప్రతి ఇంటికీ, ఇమాంబీ గారి వీధికీ, సమాధుల తోట గోడ వెనుక ఈ సంవత్సరం కొత్తగా వచ్చిన మిర్చి కూలీల షెడ్లకూ, రేపు మధ్యాహ్నం ఇక్కడ ఒక భూస్థాపన ఉన్నదని, గుడి గంట మోగుతుందని, బిగుల్ ఊదుతారని, భయపడవద్దని ముందుగా తెలియజేయించవలసినదిగా, తాళం వేసిన ఇళ్ళకు మరొకసారి వెళ్ళవలసినదిగా ప్రార్థించుచున్నాము.